వదులైన మాస్కు

ముందుగా ఫిర్యాదు

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు అడగలేదు, రిటైరయ్యాకా అడగలేదు. మొన్న బషీర్‌బాగ్‌లో ఒక హాలులో, రేడియేషన్ చికిత్స విభాగాల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం సభ పెట్టారు. నాకు పిలుపు రాలేదు. నాతో పనిచేసిన టెక్నీషియన్ సునీత ఫోన్ చేసి చెబితే నేనే వెళ్ళాను. వేదిక మీద ప్రభాకర్ మాట్లాడాడు. నాంపల్లిలో ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో, నా పక్క కుర్చీలో పనిచేసిన మనిషి. అతను చెప్పింది పచ్చళ్ళ సూర్యనారాయణ గారి కథ. గొంతు క్యాన్సర్ చికిత్స సగంలో ఉండగా ఆయన గుండు చేయించుకుని రావడం, మాస్కు వదులైపోవడం, ఆయన నోటిలో తడి ఆరిపోకుండా కాపాడటం. పిల్లలు చప్పట్లు కొట్టారు. కథలో నేను లేను.

సభ అయ్యాక దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ప్రభాకర్, ఆ సోమవారం మిషను ఆపమన్నది ఎవరు?"

"అన్నా, నువ్వొచ్చినవా? ఒక్క మాట చెప్పకపోతివి. బిర్యానీ ఉంది, తిని పో" అన్నాడు.

బిర్యానీ తిన్నాను. జవాబు మాత్రం రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను, నా కోసం కూడా. ఒక మనిషి నోటిలో తడి నిలబడిందంటే అది ఎలా నిలబడిందో మొత్తం చెప్పాలి. సగం చెబితే రెండోసారి నిలబడదు.

పని ఏమిటంటే

నేను ఫిజిసిస్టుని. ఫిజిసిస్టు డాక్టరు కాదు. కిరణాలు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో డాక్టరు గీసి ఇస్తాడు. ఏ వైపు నుంచి, ఎంతెంత పంపితే అలా జరుగుతుందో మేము లెక్కగడతాం. దాన్ని ప్లాన్ అంటాం. రోగిని పడుకోబెట్టి మిషను నడిపేది టెక్నీషియన్లు.

తల, మెడ దగ్గర పని అఫ్జల్‌గంజ్ చౌరస్తా దాటడంలాంటిది. జాగా కొంచెం, అందరికీ అక్కడే పని. గడ్డకు అటు పక్కన వెన్నుపాము, ఇటు పక్కన చెవి కింద లాలాజలం ఊరే గ్రంథి, మధ్యలో మింగే కండరాలు. గ్రంథి మీద ఎక్కువ కిరణాలు పడితే లాలాజలం ఎండిపోతుంది. మనిషి బతుకుతాడు, కాని అన్నం గొంతు దిగదు, రుచి తెలియదు, పక్కన నీళ్ళ సీసా లేకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు.

నేను చేరిన కొత్తలో ఒక ఆటో డ్రైవరు ఉండేవాడు, అన్వర్ భాయ్. నాంపల్లి స్టేషన్ ముందే అతని అడ్డా. చికిత్స అయ్యాక గడ్డ పూర్తిగా పోయింది. అప్పట్లో రోజూ స్కాన్ తీసి చూసే సౌకర్యం మా దగ్గర లేదు, రెండు పక్కల గ్రంథులూ దెబ్బతిన్నాయి. నన్ను ఎక్కడ చూసినా ఆటో ఆపి నాలుక బయటపెట్టి చూపించేవాడు. బీటలు వారిన నేలలా ఉండేది. "సాబ్, జాన్ బచ్ గయీ, మజా చలా గయా. ప్రాణం మిగిలింది, రుచి పోయింది. బిర్యానీ తింటే అట్ట తిన్నట్టుంది" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నాలుక నాకు ఏ పుస్తకమూ నేర్పనిది నేర్పింది.

ఇక మాస్కు. వేడి నీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ వల అది. రోగి ముఖం మీద పరిచి అదిమితే ముక్కు, గడ్డం, నుదురు అచ్చుగా దిగి గట్టిపడుతుంది. దాన్ని బల్లకు బిగిస్తే తల కదలదు. ఆ మాస్కుతోనే మొదటి స్కాన్, ఆ స్కాన్ మీదే ప్లాన్. తర్వాత వారాల తరబడి రోజూ అదే మాస్కు. కొత్త మిషన్లలో రోజూ కిరణాలు పెట్టే ముందు మనిషిని బల్ల మీదే స్కాన్ చేసి, ఈరోజు బొమ్మను మొదటి రోజు బొమ్మ మీద వేసి చూస్తాం. రెండూ కలిస్తేనే కిరణాలు. కంప్యూటర్ తనే కలిపి, సరిపోతే ఆకుపచ్చ, తేడా ఉంటే ఎరుపు చూపిస్తుంది.

పిల్లలు పాడయ్యేది ఇక్కడే. కంప్యూటర్ ఎముకలను చక్కగా కలుపుతుంది. ఎముకలు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. మూడో వారానికి గొంతు పుండై రోగి ద్రవాలతో బతుకుతుంటాడు, బుగ్గలు లోపలికి పోతాయి, చెవి కింద గ్రంథి మెల్లగా గొంతు వైపు జరుగుతుంది. ఎముక ఉన్నచోటే ఉంటుంది. రంగు ఆకుపచ్చే ఉంటుంది.

నా మోచేయి

మా పెద్ద డాక్టరు నరహరి గారు. మంచి డాక్టరు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇకమీద అనబోయేవి కూడా మనస్ఫూర్తిగానే అంటాను. ఆయన లెక్కలో మనుషులు రెండు రకాలు, ప్రభాకర్, మిగతావాళ్ళు. సాయంత్రం పని అయ్యాక అబిడ్స్‌లో ఇరానీ చాయ్‌కి వెళ్ళేవారు. "ప్రభాకర్, నడువ్" అనేవారు. నేనూ అదే గదిలో ఉండేవాణ్ణి. "మూర్తీ, లైట్లు బంద్ చేసి పో" అనేవారు. ఏళ్ళ తరబడి లైట్లు బంద్ చేశాను.

రోజూ స్కాన్ తీసే కొత్త మిషను వచ్చినప్పుడు శిక్షణకు ప్రభాకర్‌ను పంపారు. సీనియర్‌ని నేను. ఎందుకని అడిగితే, "నీకు ఇంట్లో ఇబ్బంది గదా" అన్నారు. నాకు ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. ఆ ఇబ్బంది ఏమిటో ఈ రోజుకూ తెలియదు. మిషను ప్రారంభించిన రోజు ఫోటో ఇప్పటికీ ఆసుపత్రి వరండాలో వేలాడుతోంది. అందులో నరహరి గారు, ప్రభాకర్, ఇంకొందరు పెద్దలు ఉన్నారు. కుడి పక్కన నా మోచేయి ఉంది.

అసూయ అంటారా? అసూయే. దాచుకోను. ప్రభాకర్ వేసిన ప్లాన్ చూడముచ్చటగా ఉండేది. నేను రెండు రోజులు కూర్చుని తెచ్చే లెక్క అతనికి ఒక పూటలో వచ్చేది. పైగా పాటలు వింటూ చేసేవాడు. రోగులు అతన్ని డాక్టర్ సాబ్ అనేవారు, అతను కాదనేవాడు కాదు. నన్ను "ఓ సారూ" అనేవారు. చేతకానివాణ్ణి చూసి ఎవరికీ కడుపు మండదు. అతనికి పని వచ్చు కనుకే నాకు మండేది.

గుండు

సూర్యనారాయణ గారి తాతల ఊరు గోదావరి వైపు. హైదరాబాద్ రాజధాని అయిన కొత్తలో వాళ్ళ నాన్న ఇక్కడికి వచ్చి అబిడ్స్ వెనక గల్లీలో పచ్చళ్ళ దుకాణం పెట్టారు. ఈయన అక్కడే పుట్టి పెరిగాడు. ఆవకాయ కలిపినా, గోంగూర నూరినా ఉప్పు చూసేది ఆయన నాలుకే. కుడివైపు టాన్సిల్ దగ్గర గడ్డ. కుడి గ్రంథిని కాపాడటం కుదరదని ముందే తెలుసు. ఎడమది కాపాడితే తడి నిలుస్తుంది, రుచి తిరిగొస్తుంది.

మొదటి రోజే ఆయన నన్ను అడిగాడు.

"ఏవండీ, నాకు నాలుక మిగులుద్దా?"

"నాలుకకేం కాదండీ."

"అది కాదండీ. ఉప్పు తెలుస్తుందా అని. ఉప్పు తెలీకపోతే ఇంక నేను దుకాణంలో కూర్చుని ఏం చేయాలండీ, ఈగలు తోలాలా?"

ఎడమ పక్క కాపాడతామని చెప్పాను. చెప్పింది నేను. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆయనకు ఒత్తుగా ఉంగరాల జుట్టు, మెడ మీది వాపు కనబడకుండా పెంచిన గడ్డం. మాస్కు ఆ జుట్టు మీదా ఆ గడ్డం మీదా వేశారు. అది మా విభాగం చేసిన మొదటి తప్పు. మన దగ్గర జుట్టు ఒంట్లో భాగమైనా మనిషి సొంతం కాదు, ఏదో ఒక దేవుడికి మాటిచ్చి ఉంటారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మూడో వారం అయిపోయి నాలుగో వారం మొదలైన సోమవారం ఆయన నున్నటి గుండుతో, దాని మీద గంధంతో వచ్చాడు. గడ్డం కూడా లేదు. పక్కన ఆయన భార్య లక్ష్మిగారు.

సునీత గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందమ్మా ఇది? గిట్ల జేసుకొచ్చిన్రేంది?"

"గుట్టకెళ్ళి తలనీలాలిచ్చామమ్మా. వాపు తగ్గుముఖం పడితే ఇస్తానని మొక్కుకున్నాను. తగ్గింది కదా" అంది లక్ష్మిగారు.

"మొత్తం తగ్గినంక ఇయ్యొచ్చు గదమ్మా."

"నేనూ అదే అన్నానమ్మా. దేవుణ్ణి ఆగమనకూడదంది. నన్నైతే ముప్పై ఏళ్ళ నుంచీ ఆగమంటూనే ఉంది" అన్నాడు సూర్యనారాయణ గారు. గొంతు బొంగురుపోయి ఉన్నా హాస్యం పోలేదు.

మాస్కు పెడితే లోపల తల ఆడుతోంది. సునీత మంచి పనిమంతురాలు, రోగి మీద దయగలది. ఆ దయతోనే పొరపాటు చేసింది. చేతి తువ్వాలు మడిచి ఆయన తల కింద పెట్టింది. తల పైకి లేచి మాస్కుకు ఆనింది. ఇక ఆడలేదు. స్కాన్ తీశారు. కంప్యూటర్ పుర్రెనూ దవడనూ కలిపి ఆకుపచ్చ చూపించింది.

ఆకుపచ్చ

ఆ ఉదయం తెర ముందు కూర్చున్నది ప్రభాకర్. నేను వెనక నిలబడి ఉన్నాను. ఎందుకు నిలబడ్డానని అడిగితే, రెండో కుర్చీ మీద అతని టిఫిన్ డబ్బా ఉంది.

"ఓకే సునీతా, ఇయ్యి" అన్నాడు, కిరణాలు పెట్టమని.

"ఆగు" అన్నాను నేను.

"ఏమైందన్నా? పచ్చగ చూపిస్తుంది గదా."

"కిందికి జరుపు. మెడ చూపించు."

బొమ్మను కిందికి జరిపాడు. పైన దవడ దగ్గర రెండు బొమ్మలూ ఒకటిగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ మెడ ఎముకలు విడిపోతున్నాయి. తువ్వాలు తలను ఎత్తింది, గడ్డం ఛాతీ వైపు వంగింది. బల్లను ఎటు జరిపినా సరయ్యేది కాదది, ఎందుకంటే మనిషే వంగి ఉన్నాడు. ఎడమ పక్క చూపించమన్నాను. మేము కాపాడతామన్న గ్రంథి చిక్కిపోయి, లోపలికి జరిగి, కిరణాలు గట్టిగా పడే చోటులోకి సగానికి పైగా వచ్చేసింది.

ప్రభాకర్ ఒక్క క్షణం చూశాడు. "ఒక్కరోజే గదన్నా. రేపటి సంది చూద్దాం."

ఒక్క రోజుకు గ్రంథి చచ్చిపోదు, నిజమే. కాని మా పనిలో తువ్వాలు ఒక్క రోజు కోసం పెట్టేది కాదు. ఈరోజు పని జరిగితే రేపూ పెడతారు. ఎల్లుండికి అది చికిత్సలో భాగమైపోతుంది.

నేను ఒప్పుకోలేదు. సూర్యనారాయణ గారిని బల్ల మీంచి దింపమన్నాను. నరహరి గారు వచ్చారు.

"ఏంది మూర్తీ నీ పంచాయితీ?"

చూపించాను. ఆయన చూశారు. "బరాబరే. కాని మాస్కు కొత్తది చేసి, స్కాన్ తీసి, మళ్ళ ప్లాన్ వేసేసరికి మూడు నాలుగు రోజులైతది. గ్యాప్ ఇస్తే గడ్డ నీ మాట వింటదా? మళ్ళ పెరుగుడు షురూ జేస్తది. తడి నోరు గావాల్నా, ప్రాణం గావాల్నా?"

ఆయన అన్నది తప్పు కాదు. గొంతు క్యాన్సర్లో మధ్యలో విరామం ఇస్తే గడ్డ పుంజుకుంటుంది. ఇది కొత్తవాళ్ళు బాగా తెలుసుకోవాల్సిన సంగతి. ఆపడం ఊరికే రాదు.

"రెండూ కావాలి సార్. రెండూ ఇస్తామనే కదా ఆయన్ను పడుకోబెట్టింది" అన్నాను.

"నీకు అడ్డం పడుడే ఆదత్ అయింది" అన్నారు. సునీత ముందరే అన్నారు, బయట బెంచీ మీద లక్ష్మిగారు వింటుండగా అన్నారు. నేను తెర ముందు నుంచి కదలలేదు. ఆ రోజు చికిత్స కాగితం మీద నేను సంతకం పెట్టను, ప్రభాకర్ పెడితే పెట్టుకోమన్నాను. ప్రభాకర్ నా వైపు చూశాడు, నరహరి గారి వైపు చూశాడు, కలం కింద పెట్టాడు.

అతని వాటా

ఇక్కడ ప్రభాకర్ వాటా చెబుతాను. అతను నాది చెప్పలేదని నేను అతనిది ఎగ్గొట్టను.

"సార్, మాస్కు, స్కాన్ ఇప్పుడే చేస్తే సాయంత్రానికి ప్లాన్ ఇస్తా. రేపు పెట్టొచ్చు. ఒక్క రోజే పోతది" అన్నాడు. ఆ మాట అనగల మనిషి మా దగ్గర అతనొక్కడే. నా వల్ల అయ్యేది కాదు, నేను చేస్తే నరహరి గారు భయపడ్డట్టే నాలుగు రోజులు పోయేవి. సునీత గుండు మీదే కొత్త మాస్కు వేసింది. నరహరి గారు ఓపీ మధ్యలో వచ్చి గడ్డనూ గ్రంథినీ మళ్ళీ గీశారు. ప్రభాకర్ తెర ముందు కూర్చుని భోజనానికి కూడా లేవలేదు. చీకటి పడేలోపు ప్లాన్ వచ్చింది. నేను దాన్ని మిషను మీద పరీక్షించాను. తప్పు వెతకాలనే వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేదని ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు.

మంగళవారం ఉదయం సూర్యనారాయణ గారు బల్ల ఎక్కారు. ఈసారి మెడ కింద దాకా రెండు బొమ్మలూ ఒకటే. ఎడమ గ్రంథి బయట ఉంది.

ఆ తర్వాత మా విభాగంలో ఒక అలవాటు పెట్టాను. మాస్కు వేసే ముందు ప్రతి రోగినీ అడగాలి. తలనీలాల మొక్కు ఉందా? అయ్యప్ప మాలలో ఉన్నారా, దీక్ష ఎప్పుడు విరమిస్తారు? ఉమ్రా యాత్రకు వెళ్ళి గుండు చేయించుకునే ఆలోచన ఉందా? ఉంటే ముందే మొక్కు తీర్చుకోండి, లేదా చికిత్స అయ్యేదాకా ఆగండి. మొదట సునీత సిగ్గుపడింది. "దేవుని ముచ్చట మనకెందుకు సార్, కొడతరు" అంది. ఎవరూ కొట్టలేదు. ఒక ముసలాయన మాత్రం, "నా భార్య కూడా ఇంత ఫికర్ చేయలే" అన్నాడు. మొన్నటి సభలో ఈ ప్రశ్నలన్నీ ప్రభాకర్ తెర మీద వరసగా వచ్చాయి. ప్రశ్నల పక్కన దీపం బొమ్మ కూడా వేశాడు.

ఎవరికి ఇచ్చారంటే

చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సూర్యనారాయణ గారికి ఉప్పు తెలిసింది. మొదట చేదు తెలిసిందట, తర్వాత పులుపు, అన్నిటికన్నా ఆఖర్న ఉప్పు. ఆ వారమే గోంగూర కలిపి, మొదటి జాడీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. నేను వరండాలో ఎదురయ్యాను.

"నమస్కారమండీ. ప్రభాకర్ డాక్టరు గారు ఎక్కడున్నారండీ?"

చూపించాను. జాడీ లోపలికి వెళ్ళింది. కాసేపటికి ప్రభాకర్ ఒక స్టీలు గిన్నెలో నాలుగు గరిటెలు వేసి తెచ్చి, "అన్నా, మస్తుంది, తిను" అన్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది. అంత సరిగ్గా ఉన్నందుకే ఎక్కువ బాధ కలిగింది.

సూర్యనారాయణ గారిని తప్పు పట్టను. ఆయన లోపల మిషను గదిలో ఉన్నాడు, తలుపు మూసి ఉంది. బయట తెర దగ్గర ఎవరు ఏమన్నారో ఆయనకేం తెలుసు? లక్ష్మిగారు విన్నది ఒక్కటే, నాకు అడ్డం పడటం అలవాటని.

ఇక జవాబు

పేరు కోసం ఏడుస్తున్నాడని అంటారు. పేరు కోసం కాదు అని రాయబోయాను, కాని అది అబద్ధం. పేరూ కావాలి. అయితే పేరు ఒక్కటే అయితే ఇంట్లో కూర్చుని మా ఆవిడకు చెప్పుకునేవాణ్ణి, రోజూ చెబుతూనే ఉన్నాను.

మొన్న ప్రభాకర్ పిల్లలకు చెప్పింది ఇది: "స్కాన్‌లో తేడా కనబడింది, మేము వెంటనే ప్లాన్ మార్చినం." ఈ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు. కాని అది విన్న పిల్లలు ఏం నేర్చుకుంటారు? తేడా ఉంటే మిషనే చూపిస్తుంది, మనం చురుగ్గా ప్లాన్ వేయాలి అని. ఆ రోజు మిషను చూపించింది ఆకుపచ్చ. గదిలో తెలివైనవాడు సరే అన్నాడు, పెద్దవాడు కానివ్వు అన్నాడు, దయగలది తువ్వాలు పెట్టింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందరూ మంచివాళ్ళై ఉండగానే ఒక మనిషి నోరు ఎండిపోబోయింది. ఎవరికీ నచ్చని ఒకడు కదలనన్నాడు కాబట్టి ఎండలేదు. ఆ ఒకణ్ణి కథలోంచి తీసేస్తే, రేపు ఏ ఆసుపత్రిలోనైనా ఏ పిల్లకైనా బొమ్మ మీద అనుమానం వచ్చినప్పుడు, ఆపమనడం కూడా తన పనే అని ఆమెకు ఎలా తెలుస్తుంది?

నరహరి గారూ, మీరు విశ్రాంతిలో ఉన్నారు, మిమ్మల్ని శ్రమ పెట్టను. నా ఇంట్లో ఉన్న ఇబ్బంది ఏమిటో మాత్రం ఎప్పుడైనా చెప్పండి.

ప్రభాకర్, నువ్వు ఇది చదువుతావు. సునీత చదివిస్తుంది, నేనే చెప్పాను. నాకు ఫోన్ చేయొద్దు. ఇంటికి రావొద్దు, వస్తే నీ మాటలకు మెత్తబడతానని నీకూ తెలుసు. వచ్చే నెల నువ్వు మళ్ళీ అదే హాలులో అదే పాఠం చెబుతున్నావట. నేను వస్తున్నాను, ఈసారీ పిలవకుండానే. మధ్య వరసలో కూర్చుంటాను. నీ పాఠం అయ్యాక లేచి అడుగుతాను: తెర ఆకుపచ్చగా ఉండగా, నీ నోటి నుంచి "ఇయ్యి" అన్న మాట వచ్చేశాక, సూర్యనారాయణ గారిని బల్ల మీంచి దింపమన్నది ఎవరు? మైకు నీ చేతిలోనే ఉంటుంది. భోజనం సంగతి తర్వాత. పిల్లలందరి ముందూ చెప్పు.